మూతి నుంచి తోక చీలిక దాకా

ఓడ మీద నుంచి,
ఎక్కిన పదిహేడో రోజు

వదినకు,

ముందు నువ్వు అడగబోయేవాటికి జవాబులు. తింటున్నాను. నిద్ర పడుతోంది. వాంతులు నాలుగో రోజుకు ఆగాయి. నాకిచ్చిన గది ఇదివరకు పాత లైఫ్ జాకెట్లు పడేసే కొట్టు. గడియ లోపలినుంచి గట్టిగానే పడుతుంది, లాగి చూశాను. ముప్పై ఒక్కమంది మగవాళ్ల మధ్య ఆడదాన్ని నేనొక్కదాన్నే. వంటాయన నన్ను "లెక్కలమ్మా" అని పిలిచాడు, మిగతావాళ్లూ అదే పట్టుకున్నారు.

ఇక్కడ కంప్యూటరు ఒక్కటే, అది కెప్టెన్ గదిలో ఉంది. మత్స్యశాఖకు నేను పంపే నివేదికలు తప్ప సొంత కబుర్లు దాంట్లో పోవు. అందుకని ఓడ చేపలు దించడానికి రేవు పట్టినప్పుడల్లా ఉత్తరం పోస్టు చేస్తాను. నువ్వు ఓడ ఏజెంటు ఆఫీసుకు రాయి, వాళ్లు అందిస్తారు.

నా పని నీకు చెప్పక్కర్లేదు. రేవులో నువ్వు చేసేదే నేను నీళ్ల మీద చేస్తున్నాను: ఏం పడింది, ఎంత పడింది, ఎంత పొడుగుంది. మనం సూర అనే చేపను వీళ్లు ట్యూనా అంటారు. పట్టే తీరు మాత్రం మన గాలం వేటకు ఆమడ దూరం. వెదురు తెప్ప కట్టి, కింద పాత తాళ్లు వేలాడదీసి, పైన అది ఎక్కడుందో చెప్పే తేలుడు పరికరం, బోయా అంటారు, పెట్టి సముద్రంలో వదిలేస్తారు. ఆ నీడకి చిన్నాపెద్దా చేపలన్నీ చేరతాయి. నెల పోయాక వచ్చి చుట్టూ వల తిప్పి, అడుగున తాడు బిగించి, సంచి మూతి లాగినట్టు లాగేస్తారు. ఒక్క ఊపులో ఇరవై టన్నులు. మొదటిసారి చూసినప్పుడు నోరు తెరుచుకుని నిలబడిపోయాను వదినా, అబద్ధమెందుకు.

కాని బల్ల మీద పెట్టి కొలిస్తే పసుపు రెక్క సూరలన్నీ నలభై ఏడు, నలభై తొమ్మిది సెంటీమీటర్లే. మీటరు దాటితే గాని గుడ్లు పెట్టని చేప అది. అన్నీ పిల్లలే.

తెప్పల మీద శాఖ పెట్టే సభలో రేవు పడవలవాళ్ల తరఫున మాట్లాడేది అన్నయ్యేనట కదా! ఏడాదికి మూడు నెలలు ఓడలు తెప్పల జోలికి రాకూడదని అడగడానికి అన్నయ్యకన్నా తగినవాడు ఎవరున్నారు? తెప్పల దగ్గరికి మేమూ పోమని మన రేవంతా రాసిన కాగితం మీద మొదటి సంతకం తనదే. వేట ఎలా ఉందో రాయి.

నీ ఆడపడుచు

*

రేవు, కొలతల షెడ్డు

కొలబద్ద మరదలికి,

నీ ఉత్తరం చేపల చేతులతోనే విప్పాను. మొదటి పేజీని ఇప్పుడు పిల్లి వదలడం లేదు. ముప్పై ఒక్కమందిలో ఒక్కడికైనా పెళ్లి కాలేదా? అడగడం నా బాధ్యత, కోప్పడకు.

నా ఉద్యోగం ఎప్పటిలాగే వెలిగిపోతోంది. పడవ వచ్చీరాగానే గంపల మధ్య దూరి, దొరికిన సూరను బల్ల మీద పెట్టి మూతి నుంచి తోక చీలిక దాకా చదివి రాసుకోవడం. నిన్న ఒకాయన "ఏమ్మా, దానికి చొక్కా కుట్టిస్తావా?" అన్నాడు. "చేతులు పొట్టివి పెట్టమంటారా, పొడుగువా?" అన్నాను. ఈ నెల నుంచి చెవి రాళ్లు కూడా తీస్తున్నాను. తల లోపల బియ్యపు గింజంత రాయి ఉంటుంది. చెట్టు మొద్దులో వలయాలు లెక్కపెట్టినట్టు దాంట్లో వలయాలు లెక్కపెట్టి వయసు చెబుతారట. మనుషులకు ఆ వలయాలు లేకపోవడం మంచిదయింది. ఉంటే మీ అన్నయ్య నా వయసు మీద వేసే జోకులకు సాక్ష్యం దొరికేది.

మీ అన్నయ్య గడ్డం గీసుకుంటూ అద్దం ముందు ఉపన్యాసం అప్పజెబుతున్నాడు. "గౌరవనీయులైన అధికారి గారూ" దగ్గర రెండుసార్లు తెగింది. పడవలో ఇంజను చూసే మోటారు బాబాయ్ అధికారి వేషం వేసి కుర్చీలో కూర్చుని "కూర్చోవయ్యా, నీ టైమైపోయింది" అంటాడు. ఇల్లంతా నాటకశాల.

వేట ఫర్వాలేదు. పడవ బాగానే ఉంది. కిందటి వారం మోకాలి నొప్పని రెండు రోజులు షెడ్డుకు వెళ్లలేదు. ఇప్పుడు తగ్గింది.

జాగ్రత్త.

వదిన

*

ఓడ మీద నుంచి,
మూడో నెల

వదినకు,

మోకాలికి డాక్టరుకు చూపించావా? గంపలు ఎత్తొద్దని ఎన్నిసార్లు చెప్పినా వినవు.

ఇక్కడ నీళ్లు, ఎండ, వల. మొన్న తెప్ప కింది తాళ్లలో తాబేలు చుట్టుకుని కనిపించింది. వంటాయన కూరగాయల కత్తి నోట కరచుకుని నీళ్లలోకి దూకాడు. కోసి వదిలాక అది రెండు నిమిషాలు కదల్లేదు. అందరూ పని ఆపేసి రెయిలింగుకు వేలాడారు. తర్వాత ముందు కాలు ఒకటి ఆడింది. ముప్పై మంది చప్పట్లు కొట్టారు. వీళ్లు చెడ్డవాళ్లు కారు వదినా. పగలంతా వల లాగి చేతులు బొబ్బలెక్కినవాళ్లు. వీళ్లకూ ఇళ్లున్నాయి.

అన్నయ్య ఈమధ్య ఎంత దూరం వెళ్తున్నాడు? పడవకు ఎడమవైపు పగిలిన చెక్క మార్చినప్పుడు ఆకుపచ్చ రంగు అయిపోయిందని నువ్వు పసుపు పూయించావు కదా, అది ఇంకా అలాగే ఉందా? ఊరికే అడిగాను.

ఇంకేం విశేషాలు లేవు.

నీ ఆడపడుచు

*

ఇంటి నుంచి

అమ్మాయ్,

రంగు సంగతి ఊరికే అడగవు నువ్వు. ఓడ కొనకెక్కి పసుపు చెక్క గుర్తు చేసుకునేంత తీరిక నీకెక్కడిది? షెడ్డులో కూర్చుని రాయలేక ఇంటికొచ్చి తలుపేసుకుని రాస్తున్నాను.

నాకు మోకాలి నొప్పి లేదు. ఎప్పుడూ లేదు. మన పడవ పిల్ల సూరల్ని తెచ్చిన రోజుల్లో నేను షెడ్డుకు పోలేదు, అంతే. నా బల్ల మీద పెట్టి కొలవాల్సి వస్తుందని ఇంట్లో దాక్కున్నాను. పద్నాలుగేళ్లుగా ఒక్క చేప పొడుగూ తప్పు రాయని దాన్ని.

ఎలా మొదలైందో చెబుతాను. దగ్గరి వేట చోట్లన్నీ ఖాళీ. పొద్దున్నే వెళ్లి సాయంత్రం ఉత్త గాలాలతో తిరిగొచ్చిన రోజులు వరసగా పందొమ్మిది. పడవ మీద ఆరుగురు. ఇద్దరు తట్టుకోలేక ఇటుకల బట్టీలో చేరిపోయారు. మిగిలిన నలుగురి మొహాలు చూడలేకపోతున్నానని అన్నాడు. ఒకరోజు కొట్టుకొచ్చిన తెప్ప ఒకటి కనిపించింది. "ఒక్కసారి" అన్నాడు. తర్వాత ఇంకో ఒక్కసారి. ఆ తర్వాత నాకు చెప్పడం మానేశాడు, నేను అడగడం మానేశాను. అద్దం ముందు ఉపన్యాసం మాత్రం మానలేదు. నాకదే భరించలేకుండా ఉంది.

చూశావా నువ్వు? చూస్తే రాశావా? రాయకపోతే రాయకు. రాసేసుంటే నాకు చెప్పకు.

పై వాక్యాలు కొట్టేద్దామనుకున్నాను. ఉండనీ, నా మనసులో ఉన్నదేదో నీకు తెలియాలి.

వదిన

*

ఓడ మీద నుంచి,
నాలుగో నెల

వదినకు,

చెప్పకుండా ఉండలేను.

కిందటి ఉత్తరానికి రెండు రోజుల ముందు మధ్యాహ్నం ఓడ తన తెప్ప దగ్గరికి చేరేసరికి దానికి మూడు చిన్న పడవలు కట్టి ఉన్నాయి. నేను పై డెక్కు మీద దుర్భిణీ పట్టుకుని ఉన్నాను. నంబర్లు చదవడం నా పని. మొదటి పడవ నంబరు చదవక ముందే పసుపు చెక్క కనిపించింది. అన్నయ్య వీపు కనిపించింది. వంగి తాడు విప్పుతున్నాడు. వీపు చూసి గుర్తుపట్టడం ఏమిటని నవ్వకు. చిన్నప్పుడు నేను ఆ వీపెక్కి బడికి వెళ్లినదాన్ని.

వాళ్లు వెళ్లిపోయారు. వీళ్లు వల తిప్పారు. ఇరవై ఆరు టన్నులు పడ్డాయి. గంపగంపకీ కొన్ని తీసి కొలిచి లెక్క కట్టాను. అందులో పద్నాలుగు టన్నులు పసుపు రెక్క పిల్లలు.

సాయంత్రం కెప్టెన్ టీ గ్లాసు పట్టుకుని వచ్చాడు. మంచిగానే మాట్లాడాడు. "చూడమ్మా, ఇవాళ ఎవరికీ మంచి రోజు కాదు. ఆ పడవలవాళ్లెవరో నాకు తెలీదు, వాళ్ల మీద నాకు కోపమూ లేదు. నువ్వు వాళ్లని రాయకు. మా పిల్ల చేపల లెక్క కూడా కాస్త తగ్గించు. నీకు గొడవ లేదు, నాకు గొడవ లేదు, వాళ్లకీ లేదు" అన్నాడు.

ఆ పడవ ఎవరిదో ఆయనకు నిజంగా తెలియదు. తెలియకుండానే నా గొంతు మీద కాలు పెట్టాడు. పెన్ను మూత తీసి మళ్లీ పెట్టాను, ఎన్నిసార్లో. అన్నయ్యను వదిలేస్తే పద్నాలుగు టన్నులూ వదలాలి. పోనీ అన్నయ్యను వదిలి పద్నాలుగు టన్నులు రాద్దామా అని కూడా ఆలోచించాను. ఇవాళ తమ్ముడో అన్నో అని వదిలితే, రేపు నేను రాసే ఏ అంకె నిలబడుతుంది?

రెండూ రాశాను. మూడు నంబర్లూ రాశాను. మొదటి నంబరు పక్కన, రిమార్కుల గడిలో, "ఈ పడవ నడిపేది నా తోడబుట్టినవాడు" అని రాశాను. శాఖ నివేదిక అందుకుంది. సభ కాగితాల్లో ఆ పేజీ ఉంటుందట. నన్ను ఈ ఓడ మీదనుంచి మారుస్తారేమో తెలియదు.

ఈ ఉత్తరం అన్నయ్యకు చూపించు. సభలో హఠాత్తుగా వినడం కన్నా ఇంట్లో నీ ఎదురుగా చదవడం నయం. వదినా, నన్ను తిట్టు. కాని ఉత్తరం రాయడం మానకు.

నీ ఆడపడుచు

*

రేవు, కొలతల షెడ్డు

అమ్మాయ్,

నీ ఉత్తరం వచ్చేలోపు నేనూ ఒకటి చేశాను. ముందు అది విను.

నాలుగు రోజుల కిందట పొద్దున మన పడవ వచ్చింది. నేను షెడ్డులోనే ఉన్నాను. గంపలు దించుతూ మీ అన్నయ్య నన్ను చూసి ఆగిపోయాడు.

"ఇవాళ మోకాలు బాగుందా?" అన్నాడు.

"తగ్గిపోయింది" అన్నాను.

"అన్నీ కొలుస్తావా?"

"బల్ల మీదికి వచ్చినవన్నీ కొలుస్తాను."

చుట్టూ పది పడవలవాళ్లు. నలభై మూడు సూరలు. ఒక్కొక్కటే పెట్టి పైకి చదువుతూ రాశాను. నలభై ఆరు. నలభై నాలుగు. యాభై. అన్నిటికన్నా పెద్దది యాభై రెండు. మోటారు బాబాయ్ ఇంజను వైపు తిరిగి ఏదో తుడుస్తున్నట్టు నటించాడు. మీ అన్నయ్య మాత్రం కదల్లేదు. నలభై మూడూ విన్నాడు.

మూడో రోజు నీ ఉత్తరం వచ్చింది. ఇచ్చాను. చదివాడు. మడిచాడు. మళ్లీ విప్పి ఒకచోట వేలు పెట్టి, "తోడబుట్టినవాడు అని రాసిందా?" అన్నాడు. "రాసింది" అన్నాను. చొక్కా తగిలించుకుని బయటికి వెళ్లిపోయాడు.

నిన్ను తిట్టమన్నావు. మొదటి రోజు తిట్టాను, మనసులో. రెండో రోజు నా పద్నాలుగేళ్ల పుస్తకాలు తీసి చూసుకున్నాను. నేను రాయకుండా వదిలిన ఆ నాలుగు రోజుల గడులు ఖాళీగా ఉన్నాయి. తిట్టడానికి నోరు రాలేదు.

సభ వచ్చే వారం. వెళ్తాడో లేదో తెలియదు.

వదిన

*

ఏజెంటు ఆఫీసు బెంచీ మీద నుంచి

వదినా,

ఓడ ఇంకో గంటలో కదులుతుంది. రెండే ముక్కలు. అన్నయ్య నాతో ఇక మాట్లాడకపోయినా సరే, సభకు మాత్రం వెళ్లమని చెప్పు. నేను చెప్పానని చెప్పకు.

*

ఇంటి నుంచి

అమ్మాయ్,

కూర్చుని నిదానంగా చదువు, అన్నీ వరసగా రాస్తాను.

వెళ్లాడు. ఉతికిన చొక్కా వేసుకుని, ఉపన్యాసం రాసుకున్న కాగితం జేబులో పెట్టుకుని వెళ్లాడు. నేనూ మోటారు బాబాయ్ వెనక వరసలో కూర్చున్నాం. శాఖ ఆఫీసు మేడ మీద హాలు కిటకిటలాడింది. ఎదుటివైపు ఓడల కంపెనీ తరఫు మనిషి, కళ్లద్దాలు, ముందు దొంతరగా కాగితాలు.

మీ అన్నయ్యను పిలవకముందే ఆ కళ్లద్దాలాయన లేచాడు. "తెప్పలకు విశ్రాంతి కావాలని అడుగుతున్నది ఎవరు? మీరే చదవండి" అని నీ పేజీ ఎత్తి పట్టుకున్నాడు. తేదీ చదివాడు. మూడు నంబర్లు చదివాడు. "ఇందులో మొదటి పడవ ఇప్పుడు మాట్లాడబోయే పెద్దమనిషిది. నేనంటున్నది కాదు, రాసింది ఆయన సొంత చెల్లెలు" అన్నాడు. హాల్లో ఎవరో నవ్వారు. మన రేవువాళ్లు నవ్వలేదు. అందరి తలలూ మీ అన్నయ్య వైపు తిరిగాయి. నాకు తల కొట్టేసినట్టయింది.

మీ అన్నయ్య లేచాడు. కాగితం జేబులోంచి తీయలేదు.

"నిజమేనండి. నేనే వెళ్లాను. ఆ రోజొక్కటే కాదు, మొత్తం ఏడుసార్లు. వెళ్లనని మొదటి సంతకం పెట్టినవాణ్నీ నేనే. కిందటి వారం నేను తెచ్చిన వాటిని నా భార్య కొలిచింది. నలభై మూడు. పెద్దది యాభై రెండు. ఒక్కటి కూడా గుడ్డు పెట్టిన చేప కాదు. దానికి మీరు వేసే శిక్ష వేయండి" అన్నాడు. ఆ కాగితం వైపు చూపిస్తూ, "ఆ పేజీ సగమే చదివారు. కింద ఇంకా ఉంది. అదీ చదవండి" అన్నాడు.

కళ్లద్దాలాయన పేజీ తిప్పేశాడు. "అది అంచనా మాత్రమే, పరిశీలకురాలు ఎక్కువ చేసి..." అంటున్నాడు. అధికారి చెయ్యి చాపింది. బాబాయ్ వేసిన వేషంలోలా మగమనిషి కాదు, ఆవిడ నీకన్నా పదేళ్లు పెద్దదేమో. పేజీ అందుకుని తనే పైకి చదివింది. ఇరవై ఆరు టన్నులు, అందులో పిల్లలు పద్నాలుగు. రిమార్కుల గడి కూడా చదివింది. తర్వాత కళ్లద్దాలాయన వైపు తిరిగి, "సొంత అన్న పడవనే వదలని మనిషి, మీ వలకి ఎక్కువ చేసి రాస్తుందంటారా?" అంది.

ఆయన కూర్చున్నాడు.

ఆ తర్వాత మూడు గంటల వాదన. అంతా రాయలేను. చివరికి తేలిందేమిటంటే, వచ్చే ఏడాది నుంచి ఏటా మూడు నెలలు తెప్పల దగ్గర ఎవరూ వల తిప్పకూడదు, గాలం కూడా వేయకూడదు. ఓడలూ, మన పడవలూ, అందరూ. ఒక్కో ఓడ వదిలే తెప్పలు సగానికి తగ్గాలి. తాళ్లు తాబేళ్లు చుట్టుకోనివి కట్టాలి. మనం అడిగినదంతా కాదు, కాని చిన్నదేం కాదు.

మూడు పడవలకూ నెల రోజులు వేట బంద్. మీ అన్నయ్య కిక్కురుమనకుండా సంతకం పెట్టాడు. మిగతా ఇద్దరు యజమానులు మాత్రం రగిలిపోతున్నారు. "నీ ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లు కొలబద్దలు పట్టుకుని కూర్చుంటే మా నోట్లో మట్టి పడాలా?" అని ఒకాయన రోడ్డు మీదే అరిచాడు. మన పక్కనే పడవ కట్టేవాడు. ఇరవై ఏళ్ల స్నేహం. అప్పటినుంచి మా వంక చూడడం లేదు.

మీ అన్నయ్య మెట్లు దిగుతూ నాతో ఒక్క మాటే అన్నాడు. "చొక్కా గుండీలు తప్పు పెట్టుకున్నాను, కనిపించిందా?" కనిపించలేదన్నాను. కనిపించింది.

వదిన

*

రేవు నుంచి,
ఆరు వారాల తర్వాత

చెల్లికి,

నిన్ను ఆ ఓడ నుంచి మార్చి కొలతల ప్రయోగశాలలో వేశారని మీ వదిన చెప్పింది. చెవి రాళ్లు లెక్కపెడుతున్నావట. కళ్లు జాగ్రత్త.

నీకో సంగతి చెప్పాలి. ఆ రోజు నువ్వు నన్ను చూశావు. నేను నిన్ను చూడలేదనుకున్నావు. చూశాను. ఓడ ఇంకా దూరంగా ఉండగానే పై డెక్కు మీద నారింజ రంగు లైఫ్ జాకెట్టు వేసుకుని, దుర్భిణీ పట్టుకుని, ఒక కాలి మీద బరువేసి నిలబడ్డ మనిషి కనిపించింది. అలా నిలబడేది నువ్వే. చెయ్యి సగం ఎత్తాను. ఎత్తితే ఓడవాళ్లందరికీ నువ్వెవరో తెలిసిపోతుంది, నువ్వు ఏం రాయాలన్నా వాళ్ల చేతిలో చిక్కుతావు. అందుకని వంగి తాడు విప్పుతూ ఉండిపోయాను. ముడి అప్పటికే విప్పేశాను. ఊరికే వంగి ఉన్నాను.

నువ్వు రాస్తావని ఆ క్షణమే తెలుసు. అయినా సభ రోజు దాకా నువ్వు రాసి ఉండవేమోనని ఎక్కడో ఆశ. రెండూ నిజమే. ఇంట్లో ఉత్తరం చదివినప్పుడు కోపం వచ్చింది. నీ మీద ఎంతో, నా మీద ఎంతో, విడదీసి చెప్పలేను. వారం రోజులు నీకు రాద్దామని కూర్చుని లేచిపోయాను.

బంద్ నెలలో చేసేదేం లేక మీ వదిన దగ్గర ఉద్యోగంలో చేరాను. జీతం లేదు. నేను తోక పట్టుకోవాలి, ఆవిడ చదువుతుంది. "సాగదీయకు, అది కొలత పట్టీ కాదు" అని రోజుకు పదిసార్లు తిడుతుంది. బంద్ అయిపోయి రెండు వారాలైంది. గాలాలతో వెళ్తున్నాను, తెప్పల దిక్కు కాదు. ఒక రోజు దొరుకుతుంది, రెండు రోజులు దొరకదు. ఇటుకల బట్టీకి వెళ్లిన ఇద్దరిలో ఒకడు తిరిగొచ్చాడు. పడవ లేని రోజున ఇప్పటికీ షెడ్డుకే పోతున్నాను. ఈ పిల్లలు మీటరు దాటడానికి ఎంతకాలం పడుతుందని మీ వదినని అడిగాను. "ఇంకో ఏడాదిన్నర, ముందు వాటిని బతకనిస్తే" అంది.

ఇవాళ పొద్దున పక్క పడవవాడు గంప తెచ్చి బల్ల ముందు దింపాడు. నా మొహం చూడలేదు. పైన ఉన్న సూరను ఎత్తి పెట్టాను. బరువుకి చేతులు కిందికి లాగేశాయి. ఈ ఏడు అంత చేప చూడలేదు. మీ వదిన అప్పుడే చేతులు కడుక్కోవడానికి పంపు దగ్గరికి వెళ్లింది. నేనే మూతి ఆనించి, తోక సాగదీయకుండా పట్టుకుని చదివాను.

వాడు గంప అంచు పట్టుకుని అలాగే నిలబడి ఉన్నాడు. బల్ల వైపే చూస్తూ, "ఎంత?" అన్నాడు.

"నూట నాలుగు" అన్నాను.

"సరిగ్గా చూడు" అన్నాడు.

ఇద్దరం వంగి మళ్లీ చూశాం. నూట నాలుగే.

నీ అన్నయ్య